చవితి పత్రి - పిల్లలకు ప్రకృతి పాఠము

భాద్రపద శుద్ధ చవితి వచ్చుచున్నదనగానే బజారులో పత్రి కట్టలు కనబడును. గుప్పెడు గరిక, నాలుగు మారేడు రెమ్మలు, పేరు తెలియని ఆకులు మరికొన్ని కలిపి నారతో కట్టి అమ్ముదురు. బేరమాడి ఒక కట్ట కొందుము. పక్క కొట్టులో రంగు వేసిన బొమ్మ నొకదానిని తీసికొందుము. ఇంటికి వచ్చి పూజ చేసి, కథ విని, అక్షతలు తలపై వేసికొందుము. మూడవనాడో తొమ్మిదవనాడో అన్నియు చెరువు పాలగును. పట్టణములలో పెక్కు యిండ్ల ఇదే పద్ధతి. మా యింటను కొంతకాలము ఇట్లే జరిగినది.

ఒక యేడు ఏకవింశతి పత్రపూజ జరుగుచుండెను. మేము పుస్తకములోని పేర్లను వరుసగా చదువుచుండగా, ఎనిమిదేండ్ల మా మనుమరాలు పళ్ళెములోని ఆకులను ఒక్కొక్కటిగా అందించుచుండెను. రెండవ పేరు వద్దనే ఆమె చేయి ఆగినది. "తాతయ్యా, బృహతి అంటే ఇందులో ఏది?" అని అడిగెను. మేము కండ్లజోడు సవరించుకొని పళ్ళెమంతయు వెదకితిమి. మారేడు తెలిసినది, తులసి తెలిసినది, మామిడి, గరిక తెలిసినవి. ఎంత ప్రయత్నించినను ఇరువదియొక్క పేర్లలో తొమ్మిదింటికి మాత్రమే సరియైన ఆకును చూపగలిగితిమి. తక్కినవాటికి చేతికందిన ఆకునే వేయుచు పోతిమి. "పేరొకటి చెప్పి ఆకొకటి వేస్తే వినాయకుడికి తెలియదా?" అని ఆ పిల్ల మరల అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

మా తల్లిగారు ఈ పత్రిని దొడ్డినుండియు, చెరువుగట్టునుండియు తామే కోసి తెచ్చెడివారు. పుస్తకము చూడకయే పేర్లు చెప్పెడివారు. ఆమె యెరిగిన విద్య ఒక్క తరములోనే మా యింట సగమునకు పైగా తరిగిపోయినదన్నమాట. ఇది మాకు చిన్న సంగతిగా తోచలేదు. పేరు తెలిసిన మొక్క పోయినప్పుడు, "అయ్యో, ఇక్కడ వావిలి పొద ఉండెడిదే!" అని ఒక్కరైనను అందురు. పేరు తెలియని మొక్క పోయినప్పుడు ఎవరును ఏమియు అనరు. గట్టు చదును చేసినప్పుడు, కంచె కొట్టివేసినప్పుడు, పిచ్చిమొక్కలు పోయినవని సంతోషింతురు. ప్రకృతిని కాపాడవలెనని పిల్లలకు ఉపన్యసించుటకు ముందు, అందులోని పది ప్రాణులను పేరు పెట్టి పిలువ నేర్పుట అవసరము. కావున ఆ మరుసటి యేటినుండి మేము పత్రి కొనుట మానివేసితిమి. పిల్లలతో కలిసి వెదకి తెచ్చుటయే పండుగలో మొదటి భాగముగా చేసికొంటిమి.

పూజకు వారము దినములు ముందుగా పేర్ల పట్టిక వ్రాసికొనుట మంచిది. పుస్తకములోనివి సంస్కృత నామములగుటచే పిల్లలకు బెదురు కలుగును. వాటి ఇంటిపేర్లు చెప్పినచో ఆ బెదురు తీరును. దూర్వ యనగా గరిక. బిల్వము మారేడు. బృహతి యనగా వాకుడు. అది వంగజాతికి చెందిన ముండ్లమొక్క. దత్తూరము ఉమ్మెత్త, బదరి రేగు, అపామార్గము ఉత్తరేణి, చూతము మామిడి, కరవీరము గన్నేరు, దాడిమి దానిమ్మ. సింధువారము వావిలి, శమి జమ్మి, అశ్వత్థము రావి, అర్జునము మద్ది, అర్కము జిల్లేడు. మాచిపత్రి, తులసి, మరువము, జాజి, విష్ణుక్రాంత మనకు ఆ పేర్లతోనే పరిచితములు. వీనిలో ఆకాశమునంటు మహావృక్షములు కలవు, కాలికింద నలుగు గడ్డియు కలదు. తోటలో పెంచునవి కలవు, ఎవరును పెంచకయే పెరుగునవియు కలవు.

ఏ మొక్క ఎచ్చట దొరకునో ఆలోచించుటయే పిల్లలకు మొదటి పాఠము. గరిక పొలముగట్టున ఉండును. ఉత్తరేణి కంచెవెంబడి, జిల్లేడు బాటప్రక్క బీడునేలలో కనబడును. వావిలి కాలువగట్టున పొదగా పెరుగును. మద్దికి నీరు ప్రియము. అది ఏటి ఒడ్డున నిలుచును. జమ్మి అందుకు విరుద్ధము. లోతుకు పోవు వేళ్ళతో మెట్టనేలలో బ్రతుకును. ఈ జమ్మియే తెలంగాణ రాష్ట్రవృక్షము. ఇక దేవదారు మన సీమలో ఎంత వెదకినను దొరకదు. అది పశ్చిమ హిమాలయములలోని చలిప్రదేశములలో పెరుగు వృక్షము. మరి మన పూజలోనికి ఎట్లు వచ్చినదని పిల్లలు అడుగుదురు. పూజావిధానములు ఒక ఊరిలో పుట్టి ఆ ఊరిలోనే ఆగిపోవునవి కావని అప్పుడు చెప్పవచ్చును.

సేకరణకు బయలుదేరునప్పుడు మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. ఒక మొక్కనుండి రెండు మూడు ఆకులకు మించి కోయరాదు. వేరుతో పెరుకరాదు. ఒక్కటే మొక్క కనబడినచో దానిని చూచి, పేరు వ్రాసికొని వచ్చివేయవలెను. ఇతరుల దొడ్డిలోనిదైనచో అడిగి తీసికొనవలెను. ఇంకొక నియమము మిక్కిలి ముఖ్యమైనది. ఉమ్మెత్త, గన్నేరు మొక్కలలో సర్వాంగములును విషమే. జిల్లేడు పాలు కంటిలో పడినచో హాని చేయును. ఈ మూడింటిని పెద్దవారే కోయవలెను. ఇల్లు చేరగానే అందరును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

తొందరపడక నడచినచో దారిపొడవునను వింతలే. ఉత్తరేణి ఎండిన వెన్ను బట్టలకు తగిలినచో గింజలు అంటుకొని వదలవు. తన విత్తనములను మన చేతనే మోయించి క్రొత్తచోటికి పంపుకొను ఉపాయమది. జిల్లేడు గింజకు పట్టుకుచ్చు ఉండును. అది గాలిలో తేలిపోవును. అదే జిల్లేడు ఆకుల అడుగున నలుపు, తెలుపు, పసుపు పట్టెలు గల గొంగళిపురుగు కనబడినచో దానిని కదపక చూడుడు. అది కాషాయవర్ణపు సీతాకోకచిలుకగా మారును. జిల్లేడులోని విషమును అది తన శరీరములో దాచుకొనుటచే పక్షులు దాని జోలికి పోవు. రావియాకు చివర తోకవలె సాగియుండుట చూపి, వాన పడునప్పుడు ఆ చెట్టుక్రింద నిలిపి, నీరు ఆ తోకనుండి ఎంత వేగముగా జారిపోవునో చూపుడు. ధాన్యములో పురుగు పట్టకుండ పెద్దలు వావిలాకు వేసెడివారని చెప్పుడు. ఇవి యన్నియు ఆ ఇరువదియొక్క ఆకులతో కలిసివచ్చు కథలే.

పత్రి తరువాత ప్రతిమ. చెరువు మట్టియో, కుమ్మరి యిచ్చిన మట్టియో తెచ్చి, రాళ్ళు, గడ్డిపోచలు ఏరివేసి, ఒక రాత్రి నీటిలో నాననిచ్చి, మరునాడు చపాతీపిండివలె మెదుపవలెను. ఈ పనికి పిల్లలను పిలువ నక్కరలేదు, వారే వత్తురు. బొజ్జకొక ముద్ద, తలకొక ముద్ద, తొండమునకు ఒక వత్తి చాలును. చెవులు చిన్నవైనను, తొండము వంకరపోయినను పెద్దలు సవరింపరాదు. ప్రతిమను ఎండలో గాక నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పై పొర త్వరగా ఆరి ముడుచుకొనును. లోపలి మట్టి ఇంకను తడిగా ఉండుటచే బీటలు వారును. మా మనుమడు చేసిన మొదటి వినాయకుడు ఇట్లే మధ్యకు పగిలినాడు. వాడు ఏడ్చినాడు, కాని ఆ పాఠమును మరల మరచిపోలేదు.

బజారు బొమ్మకు, మట్టి బొమ్మకు భేదమేమని పిల్లలు అడిగినచో చిన్న పరీక్ష చేసి చూపవచ్చును. రెండు గాజుగ్లాసులలో నీరు పోసి, ఒకదానిలో బాగుగా ఎండిన మట్టి ఉండను, రెండవదానిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన బొమ్మ ముక్కను వేయుడు. మట్టి ఉండ చూచుచుండగనే బుడగలు విడుచుచు విడిపోయి అడుగున మెత్తగా పరచుకొనును. రెండవది మరునాటికిని తన ఆకారమును విడువదు. జిప్సమ్ అను ఖనిజమును కాల్చి, అందలి నీటిలో ముప్పాతిక వంతు పోగొట్టి ఆ పొడిని తయారుచేయుదురు. పారిస్ నగరములోని ఒక కొండ ఈ ఖనిజమునకు ప్రసిద్ధమగుటచే ఆ పేరు వచ్చినది. పొడికి మరల నీరు కలిపినచో కొద్ది నిమిషములలో గట్టిపడి జిప్సమే అగును. జిప్సమ్ లీటరు నీటిలో సుమారు రెండు గ్రాములు మాత్రమే కరగును. పైపూత రంగులలో సీసము, కాడ్మియము వంటి లోహములు ఉన్నచో అవి చెరువులో చేరి చేపలకును, వాటిని తినువారికిని చేటు తెచ్చును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనమునకు మార్గదర్శక సూత్రములు ప్రకటించి, 2020లో వాటిని సవరించుచు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహములు వలదని స్పష్టముగా చెప్పినది. మట్టితో పెద్ద విగ్రహములు నిలువవను మాటకును బదులు దొరకినది. హైదరాబాదు ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగు విగ్రహముతో ఆరంభమైన ఉత్సవమునకు 2022లో 50 అడుగుల విగ్రహమును మట్టితోనే నిలిపిరి.

ఉద్వాసన చెప్పిన పిమ్మట మా వినాయకుని పెరటిలోని గంగాళములో నిమజ్జనము చేయుదుము. పిల్లలు చుట్టును కూర్చుండి, మొదట చెవులు, పిమ్మట తొండము, తుదకు బొజ్జ కరగుట చూతురు. ఆ మట్టినీటిని మామిడిచెట్టు పాదులో పోయుదుము. తెచ్చిన మట్టి మరల మట్టిలో చేరినదని వారికి ఎవరును చెప్పనక్కరలేదు.

పత్రి సంగతి కూడ ఒక మాట చెప్పవలెను. ఈ ఆకులు చెరువులో వేసినచో నీరు శుద్ధియగునని తరచుగా వినుచుందుము. ఔషధగుణములు గల మొక్కలు ఇందులో పెక్కు ఉన్నమాట నిజమే. కాని బండ్లకొలది ఆకులు, పూలు నీటిలో కుళ్ళునప్పుడు ఆ నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోవును. చేపలకు ఊపిరి ఆడదు. భక్తితో వేసినను కుళ్ళుట కుళ్ళుటయే. కావున నిర్మాల్యమును దొడ్డిలో చిన్న గుంట త్రవ్వి, ఎండుటాకులు, కొంచెము మట్టి కలిపి కప్పుట మేలు. అప్పుడప్పుడు తడి చూచి తిరుగవేయుచున్నచో కొన్ని నెలలలో నల్లని ఎరువగును. దొడ్డి లేనివారు అడుగున రంధ్రములు గల పాత కుండలో ఈ పనియే చేయవచ్చును. రెండు రావియాకులను మాత్రము వేరుగా తీసి, కొన్ని వారములు నీటిలో నాననిచ్చి, నీరు మార్చుచు ఉండుడు. పచ్చని భాగము కుళ్ళి పోయి, సన్నని ఈనెల వల మిగులును. మెత్తని కుంచెతో తుడిచి, పుస్తకములో అదిమి ఆరబెట్టినచో అది సంవత్సరముల తరబడి నిలుచును.

ఎరువు సిద్ధమగు నాటికి కుండీలును సిద్ధము చేసికొనవచ్చును. తులసి, మరువము, మాచిపత్రి, గరిక మేడమీది కుండీలలోను చక్కగా పెరుగును. గరిక కణుపు నొకదానిని మట్టిలో ఆనించినను చాలును, వేరు తన్నును. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క కుండీ అప్పగించినచో, మరుసటి చవితికి తాను పెంచిన ఆకును తానే కోసి యిచ్చును. అందులోని గర్వము కొన్న కట్టలో దొరకదు.

మా మనుమరాలికి ఇప్పుడు పదకొండేండ్లు. ఆమె నోటుపుస్తకములో పదునెనిమిది ఆకులు అదిమి, పేర్లతో, దొరకిన చోటులతో సహా ఉన్నవి. కిందటి చవితికి మేము పేర్లు చదువుచుండగా ఆమె తడుముకొనక ఆకు నందించినది. దేవదారు వంతు వచ్చినప్పుడు చేతికందిన ఆకు నేదియు తీయలేదు. నాలుగు అక్షతలు మాత్రము ఉంచినది. తమ్ముడు అదేమని అడుగగా, "అది హిమాలయాల్లో ఉందిరా. ఎప్పుడైనా వెళ్ళినప్పుడు చూద్దాం. ఇంకో ఆకు వేసి అదే దేవదారు అనకూడదు" అని చెప్పినది. మేము పుస్తకములో తరువాతి పేరు చదివితిమి.