లంఘన వీరుడు, విద్యుత్ శాస్త్రజ్ఞుడు

ఆటల్లో రాణించేవారికి చదువు అబ్బదని లోకంలో ఒక అపోహ ఉంది. అది ఎంత నిరాధారమో తెలుసుకోవడానికి అమెరికా దేశస్థుడు మెరెడిత్ గోర్డీన్ జీవితాన్ని పరిశీలిస్తే చాలు. ఆయన 1929లో నెవార్క్ నగరంలోని ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగారు. తండ్రి గోడలకు రంగులు వేసి, భవనాలు శుభ్రపరచి కుటుంబాన్ని పోషించేవారు. బడి ముగిసిన తరువాత గోర్డీన్ కూడా తండ్రి వెంట పనికి వెళ్లేవారు. బ్రతుకంతా కూలిపనితో గడపడం ఇష్టం లేకపోతే చదువు విడువవద్దని తండ్రి చేసిన హితబోధ ఆయన మనసులో నాటుకొన్నది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ భౌతికశాస్త్రం చదువుతూనే ఆయన స్వల్పదూరపు పరుగుల్లో, హర్డిల్స్‌లో, లాంగ్‌జంప్‌లో పేరు గడించారు. లాంగ్‌జంప్ కాళ్ల బలంతోనే సాధ్యమని భావించరాదు. పలకపై పాదం మోపే క్షణానికి పరుగులో కూడిన వేగమే దూరాన్ని నిర్ణయిస్తుంది. 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడల్లో గోర్డీన్ 7.53 మీటర్లు దూకారు. ఆయన దేశస్థుడే అయిన జెరోమ్ బిఫిల్ 7.57 మీటర్లు దూకారు. రెండు వేళ్ల వెడల్పు తేడాతో స్వర్ణం చేజారి, రజతం దక్కింది.

లంఘనమనగానే మనకు వాయునందనుడు స్ఫురించడం సహజం. గోర్డీన్ కూడా ఆ తరువాత వాయువునే ఆశ్రయించడం ఒక వింత. 1960లో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ నుండి డాక్టరేట్ పొంది, 1964లో మిత్రులు సమకూర్చిన పెట్టుబడితో న్యూజెర్సీలో సొంత సంస్థను స్థాపించారు. ఆయన కృషి చేసిన శాస్త్రం పేరు ఎలెక్ట్రోగ్యాస్‌డైనమిక్స్. సాధారణ విద్యుత్కేంద్రంలో బొగ్గు నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైన్‌ను త్రిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను నడుపుతుంది. గోర్డీన్ పద్ధతిలో తిరిగే చక్రమే లేదు. ఒక గొట్టంలో వేగంగా ప్రవహించే వాయువులోని సూక్ష్మకణాలకు మొదట విద్యుదావేశం కలిగిస్తారు. సజాతి ఆవేశాలు వికర్షించుకొంటాయి కనుక, గొట్టం రెండవ కొనలో చేరిన ఆవేశం కొత్తగా వచ్చే కణాలను వెనుకకు నెడుతుంది. వాయుప్రవాహం ఆ ప్రతిఘటనను జయించి వాటిని ముందుకు తోస్తుంది. బావిలోని నీటిని చేదతో పైకి తోడడానికి శ్రమించినట్లే ఇక్కడ వాయువు శ్రమిస్తుంది. ఆ శ్రమ అధిక వోల్టేజి గల విద్యుత్తుగా మారుతుంది.

సూత్రం పూర్వం నుండీ తెలిసినదే. దానిని ప్రయోజనకరంగా మలచడమే కష్టం. నేరుగా వాయువు నుండి విద్యుత్తును తీసే ఈ పద్ధతి పెద్ద విద్యుత్కేంద్రాల స్థానాన్ని ఆక్రమించలేకపోయింది. ఆయన నిజమైన ప్రతిభ ఆ తరువాతనే బయటపడిందనవచ్చు. కణాలకు ఆవేశమిచ్చి కోరిన చోటికి నడిపించడమనే ఒకే కిటుకును ఆయన అనేక పనులకు వినియోగించారు. మండుతున్న భవనాల్లోని పొగకణాలకు ఆవేశమిస్తే అవి క్రిందికి దిగి, గాలి తేటపడుతుంది. రంగు తుంపరలకు ఆవేశమిస్తే అవి వృథాగా చెదరిపోక లోహపు తలానికి అతుక్కుంటాయి. ఈ సూత్రంపై ఆయన రంగులు చల్లే పరికరాన్ని రూపొందించారు. తండ్రి వెంట కుంచె పట్టిన బాలుడి చేతి నుండి అది వెలువడటం గమనింపదగినది.

మధుమేహం కారణంగా గోర్డీన్ జీవితపు ఉత్తరార్ధంలో కంటిచూపు కోల్పోయారు. అయినా హ్యూస్టన్‌లో తాను నెలకొల్పిన రెండవ సంస్థను 1998లో మరణించేవరకు నడిపారు. 1991లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. అంతకు నాలుగేళ్ల ముందే, 1987లో, విమానాశ్రయాల్లో పొగమంచును తొలగించే పద్ధతికి ఆయన పేటెంట్ పొందారు. ఆవేశపూరిత కణాలను మంచులోకి వెదజల్లితే నీటి బిందువులు వాటితో కలిసి నేలకు దిగుతాయి, విమానం నడిపేవారికి రన్‌వే కనిపిస్తుంది.