మొంబాసా తీరానికి చేరిన గాజుపోగు

ఇంటర్నెట్ ఉపగ్రహాల నుంచి వస్తుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఖండాలు దాటే సమాచారంలో దాదాపు అంతా సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలోనే ప్రయాణిస్తుంది. అందుకే ఒక దేశంలో ఇంటర్నెట్ ఎలా పెరిగిందో తెలియాలంటే, ఆ తీరానికి కేబుల్ ఎప్పుడు చేరిందో ముందు చూడాలి.

ఈ కేబుల్‌కు ప్రాణం వెంట్రుకంత సన్నని గాజుపోగు. గాజులో కాంతి త్వరగా సన్నగిల్లడానికి కారణం గాజు కాదు, అందులోని మలినాలేనని ఇంగ్లండులో పనిచేస్తున్న చార్లెస్ కావో 1966లో చెప్పారు. కిలోమీటరు దాటాక నూరింట ఒక వంతు కాంతి మిగిలినా చాలన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ అలాంటి పోగును తీసింది. 1988లో టాట్-8 అనే గాజుపోగు కేబుల్ అట్లాంటిక్‌ను దాటింది. అప్పట్లో దారిలో నీరసించిన కాంతిని విద్యుత్తుగా మార్చి, మళ్లీ కాంతిగా పంపేవారు. ఎర్బియం అనే లోహం కలిపిన పోగు వచ్చాక కాంతిని కాంతిగానే పెంచడం సాధ్యమైంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఆఫ్రికా తూర్పు తీరం మాత్రం చాలాకాలం ఎదురుచూసింది. కెన్యా 2009 దాకా ఉపగ్రహాల మీదే ఆధారపడింది. అవి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి, ఇక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి సుమారు అర సెకను పట్టేది. ఖర్చు మరీ భారం. పలు దేశాల ఉమ్మడి కేబుల్ పథకం చర్చల్లోనే నానుతుంటే, కెన్యా ప్రభుత్వం చొరవ తీసుకుని యూఏఈలోని ఫుజైరా నుంచి తన తీరంలోని మొంబాసాకు టీమ్స్ అనే కేబుల్ వేయించింది. 2009లోనే సీకామ్ అనే మరో కేబుల్ కూడా వచ్చింది. ఎం-పెసా అనే సేవతో 2007 నుంచే సెల్‌ఫోన్‌లో డబ్బు పంపడం నేర్చిన జనం ఈ కొత్త ఇంటర్నెట్‌ను వెంటనే అందిపుచ్చుకున్నారు. తీరమే లేని ఉగాండా, రువాండాలకూ మొంబాసా నుంచి నేల మీద దారి ఏర్పడింది.

అయితే ఒక్క కేబుల్ చాలదు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి పసిఫిక్ ద్వీపదేశం టోంగాను ప్రపంచంతో కలిపే ఏకైక కేబుల్ తెగింది. బాగుచేయడానికి ఐదు వారాలు పట్టింది.

2024 నాటి అంచనా ప్రకారం 550 కోట్ల మంది ఇంటర్నెట్ వాడుతుండగా, 260 కోట్ల మందికి అది అప్పటికింకా అందలేదు. లాభం లేదని మార్కెట్ వెళ్లని తీరాలకు కేబుల్ వేయడం ప్రభుత్వాల బాధ్యత. రోడ్లతో, మంచినీటితో సమానంగా దాన్నీ బడ్జెట్‌లో లెక్కపెట్టాలి.