మన హీరోలు ఏ డబ్బాలో బతికారు? క్యాసెట్ నుంచి బ్లూ-రే దాకా ఒక కార్టూన్ కథ

మనలో చాలామందికి సూపర్‌హీరో కార్టూన్ అంటే టీవీయే. స్కూల్ బ్యాగ్ ఒక మూల పడేసి, రిమోట్ కోసం అన్నయ్యతోనో చెల్లితోనో కొట్లాడి మరీ చూసిన బ్యాచ్ మనది. కానీ టీవీలో వచ్చేది ఆ టైముకి వచ్చి పోతుంది. 1992లో మొదలైన ఒక కార్టూన్‌ని ఇప్పుడు హాస్టల్ రూమ్‌లో కూర్చుని శుభ్రంగా చూడగలుగుతున్నామంటే, మధ్యలో ఎవరో దాన్ని జాగ్రత్తగా దాచి, ఇళ్లకి అమ్మారన్నమాట. దీన్నే హోమ్ వీడియో అంటారు. క్యాసెట్లు, డీవీడీలు, బ్లూ-రేలు అన్నీ అందులోవే.

ఏ ఎపిసోడ్లు వేయాలి, ఏ వరుసలో వేయాలి, బొమ్మ ఎంత నాణ్యంగా ఉండాలి అన్నవన్నీ డిస్క్ తయారుచేసేటప్పుడే తేలిపోతాయి. "పిల్లల సరుకే కదా" అనుకుంటే ఒకలా తేలుతాయి, "ఇది దాచుకోదగ్గ పని" అనుకుంటే ఇంకోలా తేలుతాయి. ఆ తేడా ఎలా ఉంటుందో ఒక సిరీస్ పట్టుకుని చూద్దాం.

ముక్కలు ముక్కలుగా బ్యాట్‌మ్యాన్

"బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్" అమెరికాలో ఫాక్స్ కిడ్స్‌లో 1992 సెప్టెంబర్ 5న మొదలైంది. బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ దీన్ని తీర్చిదిద్దారు. బ్యాట్‌మ్యాన్‌కి కెవిన్ కాన్రాయ్, జోకర్‌కి మార్క్ హామిల్ గొంతు ఇచ్చారు. ఇవాళ అందరికీ తెలిసిన హార్లీ క్విన్ కామిక్స్‌లో పుట్టలేదు, ఈ కార్టూన్‌లోనే పుట్టింది. మిస్టర్ ఫ్రీజ్ కథ చెప్పే "హార్ట్ ఆఫ్ ఐస్" ఎపిసోడ్ రాసినందుకు పాల్ డీనీకి ఎమ్మీ కూడా వచ్చింది.

ఇంత పేరున్నా, తొంభైల్లో ఇది ఇళ్లకి చేరింది మాత్రం వీహెచ్‌ఎస్ క్యాసెట్లలోనే. ఒక్కో క్యాసెట్‌లో ఒకటో రెండో ఎపిసోడ్లు. అమ్మానాన్నలు సూపర్‌మార్కెట్‌కి వెళ్లినప్పుడు పిల్లాడు చూపించిన క్యాసెట్ కొనిపెడతారు, వాడు అదే యాభైసార్లు చూస్తాడు అన్నది లెక్క. పిల్లాడికి మొత్తం సిరీస్ కావాలని ఎవరూ అనుకోలేదు. డీవీడీ వచ్చాక కూడా మొదట్లో ఇదే పద్ధతి. 2002లో వచ్చిన "ది లెజెండ్ బిగిన్స్" డిస్క్‌లో ఉన్నవి ఐదు ఎపిసోడ్లు.

2004లో లెక్క మారింది. 1992లో పదేళ్ల పిల్లాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు. అంటే సొంతంగా సంపాదించుకునే వయసు. వాడికి ముక్కలు వద్దు, మొత్తం కావాలి. ఆ ఏడాది జూలైలో మొదటి వాల్యూమ్ వచ్చింది, 28 ఎపిసోడ్లతో. 2005లో రెండో వాల్యూమ్‌లో 28, మూడో వాల్యూమ్‌లో 29 వచ్చాయి. మొత్తం 85, అసలు సిరీస్ పూర్తి. తర్వాత వచ్చిన "ది న్యూ బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్" తాలూకు 24 ఎపిసోడ్లు నాలుగో వాల్యూమ్ అయ్యాయి. అన్నీ కలిపి 109.

వరుస కూడా గమనించండి. టీవీలో మొదట ప్రసారమైంది "ది క్యాట్ అండ్ ది క్లా" మొదటి భాగం. టీమ్ మొదట తయారుచేసింది మాత్రం "ఆన్ లెదర్ వింగ్స్". డీవీడీ సెట్ దానితోనే మొదలవుతుంది. పైగా కొన్ని ఎపిసోడ్లకి కామెంటరీ ట్రాక్ ఉంది. బొమ్మ నడుస్తుంటే తీసినవాళ్లే పక్కన కూర్చుని, ఈ సీన్ ఎందుకిలా వేశామో చెబుతారు. బొమ్మలు గీయాలని ఆశపడే కుర్రాడికి అది ఫ్రీ క్లాస్.

నల్ల కాగితం, బ్లాక్ కంప్రెషన్

ఇక మన బ్రాంచ్ సబ్జెక్ట్‌కి వద్దాం.

మామూలుగా కార్టూన్ బ్యాక్‌గ్రౌండ్లు తెల్ల కాగితం మీద వేస్తారు. ఈ సిరీస్‌లో రాడోమ్‌స్కీ నల్ల కాగితం మీద వేయించాడు. అంటే చీకటి ముందే ఉంటుంది, వెలుగుని మాత్రమే పెయింట్ చేస్తారు. గోథమ్ నగరానికి ఆ మూడ్ అలా వచ్చింది. చూడ్డానికి అద్భుతం, కంప్రెస్ చేయడానికి నరకం.

ఎందుకంటే డీవీడీలో ఒక్కో పిక్సెల్ వెలుగుకి 8 బిట్లే, అంటే 256 మెట్లు. ఫ్రేమ్ అంతా చీకటే అయితే ఆ 256లో కింది కొన్ని మెట్లే వాడకంలో ఉంటాయి. నలుపు నుంచి ముదురు ఎరుపుకి మెల్లగా మారాల్సిన ఆకాశం మెట్లమెట్లుగా చారలు కడుతుంది. దీన్ని బ్యాండింగ్ అంటారు. దానికితోడు ఎంపెగ్-2 బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి కుదిస్తుంది. బిట్‌రేట్ తక్కువైతే ఆ చదరాలు చీకట్లో కంటికి కనిపిస్తాయి.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఎపిసోడ్ 22 నిమిషాలు అనుకోండి. ఒక డిస్క్‌లో ఏడు పెడితే 154 నిమిషాలు, అంటే 9,240 సెకన్లు. 8.5 జీబీ డ్యూయల్ లేయర్ డిస్క్ అయితే సెకనుకి సుమారు 7.4 మెగాబిట్లు దక్కుతాయి. ఖర్చు తగ్గించాలని 4.7 జీబీ సింగిల్ లేయర్‌లో కుక్కితే సుమారు 4 మెగాబిట్లే. అదే సినిమా, అదే గోథమ్, బిట్లు దాదాపు సగం. డబ్బా మీద బొమ్మ మాత్రం రెండిటికీ ఒకటే!

తర్వాత ఫ్రేముల గొడవ. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు. అమెరికా పాత టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 30 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమ్‌కి రెండు ఫీల్డ్‌లు. 24ని 30 చేయాలి కాబట్టి ఒక ఫ్రేమ్‌ని రెండు ఫీల్డ్‌లుగా, తర్వాతిదాన్ని మూడు ఫీల్డ్‌లుగా వేస్తారు. నాలుగు ఫిల్మ్ ఫ్రేములు పది ఫీల్డ్‌లవుతాయి, అంటే ఐదు వీడియో ఫ్రేములు. అలా తయారైన డిస్క్‌ని కంప్యూటర్‌లో పాజ్ చేస్తే, కదిలే చెయ్యి చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించేది అందుకే.

మన దేశంలో ఉన్నది పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. పాల్ దేశాలకి చేసే డిస్క్‌లలో ఎక్కువగా 24 ఫ్రేములని 25గా పరిగెత్తిస్తారు. 22 నిమిషాల ఎపిసోడ్ 53 సెకన్ల ముందే అయిపోతుంది, సరిచేయకపోతే గొంతు కొంచెం కీచుగా వినిపిస్తుంది. ఇవి చాలవన్నట్టు రీజియన్ కోడ్: అమెరికా డీవీడీలది రీజియన్ 1, ఇండియాది 5. అక్కడున్న బాబాయ్ ప్రేమగా తెచ్చిన రీజియన్ 1 డిస్క్‌ని ఇక్కడి ప్లేయర్ తిప్పి కొట్టొచ్చు.

ఫిల్మ్ ఉంటే ప్రాణం ఉన్నట్టే

2018 అక్టోబర్‌లో ఈ 109 ఎపిసోడ్లూ బ్లూ-రేలో వచ్చాయి. పాత డీవీడీ బొమ్మనే సాగదీసి వేయలేదు. గాజులాంటి సెల్ షీట్ల మీద చేత్తో పెయింట్ చేసి, కెమెరాతో ఫిల్మ్ మీదకి ఎక్కించిన కార్టూన్ ఇది. ఆ ఫిల్మ్‌కి వెళ్లి రీమాస్టర్ చేశారు. డీవీడీ ఫ్రేమ్‌లో 720 × 480, అంటే 3,45,600 పిక్సెళ్లు. బ్లూ-రేలో 4:3 బొమ్మకి 1440 × 1080, అంటే 15,55,200. సరిగ్గా నాలుగున్నర రెట్లు. ఆ వివరం 1992లోనే ఫిల్మ్ మీద ఉంది, టీవీకే దాన్ని చూపించే స్తోమత లేదు.

ఇంకో మంచి పని, 4:3 ఆకారాన్ని అలాగే ఉంచారు. ఇప్పటి వెడల్పు టీవీలకోసం పైనా కిందా కోస్తే బ్యాట్‌మ్యాన్ చెవులు ఎగిరిపోయేవి!

కానీ అన్నిటికీ ఈ అదృష్టం లేదు. 2019లో "బ్యాట్‌మ్యాన్ బియాండ్" బ్లూ-రే వచ్చినప్పుడు, కొన్ని ఎపిసోడ్లని ఫిల్మ్ నుంచి కాకుండా తక్కువ రిజల్యూషన్ కాపీ నుంచి పెద్దవి చేసి వేయాల్సొచ్చింది. అసలు ఫిల్మ్ మంచి స్థితిలో లేకపోతే ఏ అల్గారిదమ్ అయినా ఊహించి నింపగలదు గానీ, లేని గీతని తీసుకురాలేదు.

మళ్లీ పాత కథే

పాఠం నేర్చుకున్నారా అంటే, పూర్తిగా లేదు. "యంగ్ జస్టిస్" మొదటి సీజన్‌లో 26 ఎపిసోడ్లు. ఒకదానికొకటి ముడిపడ్డ కథ. 2011లో దీని మొదటి డీవీడీలో వచ్చినవి నాలుగంటే నాలుగు. రెండో, మూడో వాల్యూమ్‌లలోనూ నాలుగేసి, మిగిలిన 14 ఇంకో సెట్‌లో. సీరియల్ నవలని చాప్టర్ల వారీగా చింపి అమ్మినట్టు!

రెండు సీజన్ల తర్వాత 2013లో సిరీస్ ఆగిపోయింది. బొమ్మల కంపెనీతో ఒప్పందం మీద నడిచే బడ్జెట్ అని, ఆ బొమ్మలు అమ్ముడుపోక డబ్బు ఆగిందని నిర్మాత గ్రెగ్ వైస్‌మన్ తర్వాత చెప్పారు. ఫ్యాన్స్ వదల్లేదు. బ్లూ-రేలు కొన్నారు, స్ట్రీమింగ్‌లో మళ్లీ మళ్లీ చూశారు. 2016లో మూడో సీజన్ ప్రకటించారు, 2019 జనవరిలో అది వచ్చేసింది. బొమ్మలు కొనే వయసు దాటిన పిల్లలే ఆ సిరీస్‌ని కాపాడారు.

మరి మన సంగతి?

నా దగ్గర చిన్నప్పటి కార్టూన్ ఒక్కటి కూడా డిస్క్ మీద లేదు. బహుశా మీ దగ్గరా అంతే. మనకి ఉన్నది సబ్‌స్క్రిప్షన్. అది లైబ్రరీ కార్డ్ లాంటిది, పుస్తకం మనది కాదు. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ పదుల కొద్దీ షోలని ఒక్కసారిగా తీసేసింది. "ఇన్ఫినిటీ ట్రైన్" లాంటి మంచి యానిమేషన్ సిరీస్‌లు అందులో ఉన్నాయి. తీసినవాళ్లకే తమ షో చూపించుకునే దారి లేకుండా పోయింది. పైగా డిస్క్‌లో ఉండే కామెంటరీ ట్రాక్‌లు స్ట్రీమింగ్‌లో సాధారణంగా కనిపించవు.

అందరూ బ్లూ-రే ప్లేయర్లు కొనండి అని చెప్పను, మన పాకెట్ మనీ సంగతి నాకూ తెలుసు. కానీ ప్రాణంగా ఇష్టపడ్డ సిరీస్ ఒకటి ఉంటే, దాని డిస్క్ సెట్ ఎప్పుడైనా కంటపడితే నాలుగు విషయాలు చూడండి: మొత్తం ఎపిసోడ్లు ఉన్నాయా, అసలు ఆకారం ఉంచారా, ఫిల్మ్ నుంచి రీమాస్టర్ చేశారా, రీజియన్ కోడ్ మనకి సరిపోతుందా. నాలుగిటికీ అవును అని వస్తే, ఒక నెల బిర్యానీలు తగ్గించుకున్నా తప్పులేదు. మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి "మేము చూసింది ఇదిరా" అని చూపించడానికి లింక్ పనిచేయని రోజు కూడా అది పనిచేస్తుంది.