నేల సన్యాసి పీతకు రెండు నీటితొట్లు

సన్యాసి పీత అనగానే మీకు సీ అనిమోన్‌తో దాని సహజీవనం గుర్తుకు వస్తుంది. ఇళ్లలో పెంచేది మాత్రం నేలపై తిరిగే సీనోబైటా ప్రజాతి. దీని మొప్పలు తడిగా ఉంటేనే గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహిస్తాయి. అందుకే ఇది గుల్లలో కొంత నీటిని మోసుకు తిరుగుతుంది. ఆ నీటిని మంచినీరు, ఉప్పునీరు రెండింటి నుంచీ నింపుకుని, లవణీయతను తానే సరిచేసుకుంటుంది. ఒక్క తొట్టి మాత్రమే పెడితే ఈ అవకాశం పోతుంది. పీత వెంటనే చావదు కాబట్టి లోపం ఎక్కడుందో మనకు తెలియదు.

కల్లుప్పు చాలదా అని తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. చాలదు. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే; సముద్రపు నీటిలోని మెగ్నీషియం, కాల్షియం ఆ పాళ్లలో ఉండవు. అక్వేరియం దుకాణాల్లో దొరికే సముద్ర లవణ మిశ్రమాన్ని లీటరు నీటికి సుమారు 35 గ్రాములు కలపండి. కుళాయి నీటిని రాత్రంతా తెరిచి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ క్లోరమిన్ పోదు. దాన్ని కూడా తొలగించే మందు చుక్కలు రెండు తొట్ల నీటికీ అవసరం.

పీత గుల్లతో సహా మునిగేంత లోతు ఉండాలి. ఎక్కి రావడానికి గరుకు రాయి తప్పనిసరి. బయటపడలేకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. ఉప్పునీటి తొట్టిలో మట్టం తగ్గితే మళ్లీ ఉప్పునీరు పోయకండి, శుద్ధి చేసిన మంచినీరే పోయండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు.