మనసు జబ్బుల మందులు: టీబీ నేర్పిన పాఠం

అనంతగిరి పేరు చెప్పగానే మన ప్రాంతం వారికి మూసీ పుట్టిన చోటు, దాంతోపాటు కొండమీది టీబీ దవాఖాన గుర్తుకొస్తాయి. టీబీకి మందులు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే చికిత్స. అందుకే అలాంటి దవాఖానలను కొండల మీద, చెట్ల మధ్య కట్టేవారు. ఇంట్లో ఒకరికి టీబీ ఉందని తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయని దాచిపెట్టిన రోజులు మన పెద్దలకు తెలుసు. నేడు డిప్రెషన్‌నూ, బైపోలార్ జబ్బునూ మనం అలాగే దాస్తున్నాం. టీబీకీ ఈ జబ్బులకూ ఇంకో సంబంధం కూడా ఉంది. డిప్రెషన్‌కు వాడిన తొలి మందుల్లో ఒకటి టీబీ దవాఖానలోనే బయటపడింది.

1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో టీబీ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచం పట్టినవారు లేచి తిరగసాగారు. ఆకలి పెరిగింది, ముఖాలు విప్పారాయి. ఆ మందు మెదడు మీద కూడా పనిచేస్తోందని తెలిసింది. 1957లో నాథన్ క్లైన్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్ రోగుల్లో దాని గుణాన్ని వెల్లడించారు. కాలేయానికి హాని చేస్తుందని తరువాత దాన్ని మానేసినా, కొత్త మందులకు అది దారి చూపింది.

మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. తరగతిలో చెప్పినట్టే చెబుతాం. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. కబురు చేరాక పంపిన కణమే వాటిని తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ సెరటోనిన్‌ను అలా వెనక్కి పోనివ్వకుండా ఆపుతాయి. ఈ పని కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. కానీ మెదడు ఆ మార్పుకు సర్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి, మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. వికారం, తలనొప్పి వంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. బాధ ముందు, మేలు తరువాత. చాలామంది సరిగ్గా ఈ మధ్యలోనే మందు మానేస్తారు. పాతికేళ్ల లోపు వారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. ఇంటివారు కనిపెట్టి ఉండి, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

బాగైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు వాడాలని వైద్యులు చెబుతారు. ఇవి మత్తుమందులు కావు. అయినా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చికాకు వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. దగ్గు తగ్గిందని టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడా అంతే.

బైపోలార్ వేరే జబ్బు. కొంతకాలం దిగులు, కొంతకాలం అదుపులేని హుషారు: నిద్ర అక్కర్లేదనడం, విపరీతంగా ఖర్చు చేయడం, ఆగకుండా మాట్లాడటం. వీరికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ హుషారు ముదిరే ప్రమాదం ఉంది. అందుకే పాత సంగతులన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఈ జబ్బుకు పేరున్న మందు లిథియం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని గుణాన్ని లోకానికి చెప్పారు. అది ఒక లవణం. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. తగ్గితే పనిచేయదు, పెరిగితే విషం. అందుకే రక్తపరీక్ష తప్పదు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయిస్తుండాలి.

ఒంట్లో నీరు తగ్గితే లిథియం పెరుగుతుంది. తాండూరు నాపరాయి గనుల్లో ఎండకు చెమటోడ్చే కూలీకి ఇది చిన్న విషయం కాదు. ఒళ్లు నొప్పులకు తెచ్చుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు కూడా దాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం కనిపిస్తే వెంటనే దవాఖానకు తీసుకెళ్లాలి. రంజాన్ రోజాలకు ముందే డాక్టరును కలవాలి. జబ్బుపడినవారికి దీన్‌లో సడలింపు ఉందన్నది మరువరాదు. ఇంకో మందు వాల్‌ప్రోయేట్. అది గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పెళ్లీడు ఆడపిల్లల విషయంలో డాక్టరుతో ముందే మాట్లాడాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. ఈ జబ్బుకు ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా అందే చిన్న సాయం మేలు. సర్కారు దవాఖానలో మందు ఉచితంగా దొరికినా, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పోవాలంటే రోగికీ, తోడు వెళ్లేవారికీ చార్జీలు కావాలి, ఇద్దరి కూలీ పోతుంది. ఆ ఖర్చుకు భయపడి ఒక నెల ఆగితే, ఆరు నెలల చికిత్స వృథా కావచ్చు. ఒక దాత ఒక రోగిని ఏడాది పాటు చూసుకుంటే చాలు. పేరు బయటపెట్టకుండా ఇస్తే ఆ కుటుంబం గౌరవం కూడా నిలుస్తుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది ప్రభుత్వ టెలి మానస్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.