మీకు తెలుసా? అమెరికా మెషీన్‌కు బెజవాడ కరెంటు పడదు

గుడివాడ, కంకిపాడు వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడినవాళ్లు వాషింగ్ మెషీన్ కొంటూ, ‘తిరిగి వచ్చేటప్పుడు దీన్నీ కంటైనర్‌లో వేసేద్దాం’ అనుకుంటే ఆ ఆలోచన మానుకోవడం మేలు. అక్కడి మామూలు ప్లగ్గులో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. విజయవాడలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది గానీ హెర్ట్జ్ మారదు. 60 హెర్ట్జ్‌కు చేసిన ఇండక్షన్ మోటారు ఇక్కడ ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది.

బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకు ఈ బాధ లేదు. కరెంటు మనలాంటిదే, ప్లగ్గు మారిస్తే చాలు. అక్కడి మెషీన్లు చాలావరకు చన్నీళ్లే తీసుకుని లోపలే కాచుకుంటాయి. అమెరికావాటికైతే వేణ్నీళ్లకో గొట్టం, చన్నీళ్లకో గొట్టం!

గల్ఫ్ అంతా ఒకటే అనుకోకండి: కువైట్‌లో 50 హెర్ట్జ్, సౌదీలో 60. మెషీన్ వెనక అంటించిన చీటీ మీద ‘220–240 వోల్టులు, 50 హెర్ట్జ్’ అని ఉంటేనే ఊరికి తెచ్చే మాట. పాడైతే దాని విడిభాగాలు బెజవాడలో దొరుకుతాయా అన్నది వేరే బెంగ.