భోగి పిడకల దండ

డిసెంబరు 16 ప్రాంతాన నెల పట్టిందంటే మన పిల్లలకు చలి మాటే గుర్తుండదు. ఇవాళ ముగ్గులో గుమ్మడిపూలు తురుముకుని కూర్చున్న గొబ్బెమ్మలు రేపటికి చిన్న బిళ్ళలై గోడకెక్కాలి గదా! పచ్చిగా ఉండగానే నడుమ వేలితో చిల్లు పెట్టాలి సుమా. ఎండాక గుచ్చబోతే విరిగిపోతాయి.

దండ తన ఎత్తు రావాలని ఏడేళ్ళ బుడతడి పంతం. నెల్లాళ్ళ కష్టాన్ని భోగినాడు తెల్లవారకుండానే మంటలో వెయ్యమంటే వాడి ప్రాణం ఒప్పుతుందా? (బజారులో కొన్న దండతో వచ్చే నేటి పట్నం పిల్లలకు ఈ బాధ లేదు, విసిరేసి చేతులు కాచుకుంటారు.) మనవాడు నాలుగు పిడకలు తీసి చొక్కా కింద దాస్తాడు. అమ్మమ్మ కళ్ళు కప్పడం ఎవరి తరం? సాయంత్రం నెత్తిన పోసే రేగిపళ్ళలో ఈసారి చిల్లర ఎక్కువే కలుపుతానని చెవిలో ఊదుతుంది.